ఆసియాకి రెండో చోటు

దయాల్‌బంద్, బిలాస్‌పూర్
ఏప్రిల్ 8

ఒరే మనీష్,

నేను మీ తాతని. కవరు చూడగానే తెలిసే ఉంటుంది, ఈ కాలంలో నీకు ఉత్తరం రాసేవాడు ఇంకెవడున్నాడు. ఫోనులో నీ మాట నాకు వినపడదు, నా కేక నువ్వు భరించలేవు. పైగా నీ చెయ్యి పట్టుకుని పలక మీద తెలుగు దిద్దించింది నేను. నేర్చుకున్నదే పెద్దవాణ్ణయ్యాక, నాకొచ్చిందే అంతంత మాత్రం. అదీ నువ్వు హిందీ బడికి పోయి మరిచిపోతే ఊరుకోను. జవాబు తెలుగులోనే రాయి. తప్పులుంటే ఉండనీ.

మీ ఫుట్‌బాల్ జట్టు లీగులో రెండో స్థానంలో ఆగిపోయిందని మీ అమ్మ ప్రసూన చెప్పింది. ఆ గంగాసాగర్ క్లబ్బు వాళ్ళు ఒక్క పాయింటు తేడాతో పైన నిలిచారట. సీజనంతా ఆడి ఒక్క పాయింటు! చివరి మ్యాచీ నేనూ చూశాను. కార్నర్ కిక్ వచ్చినప్పుడు గోలు వదిలి రెండడుగులు ముందుకొచ్చావు. ఎందుకొచ్చావు? ఎవరు పిలిచారు? బంతి నీ నెత్తి మీద నుంచి పోయింది. మీ అమ్మ "పోనీండి మావయ్యా, పిల్లాడు బాధలో ఉన్నాడు" అంటోంది. బాధలో ఉన్నప్పుడే చెప్పాలి, సంతోషంలో ఎవడు వింటాడు.

అసలు సంగతి ఇది. పక్కింటి తిరుమలరావు నిన్న గోడ మీద నుంచి తల పెట్టి, "ఏమోయ్ అప్పలకొండా, మీ మనవడు ఆసియా పోటీకి వెయిటింగ్ లిస్టులో ఉన్నాడట కదా" అన్నాడు. ముప్పై ఏళ్ళు టీటీగా చేసిన మనిషి, ఆయనకి లోకమంతా రిజర్వేషన్ చార్టే.

"వెయిటింగ్ లిస్టేటి బావూ? గెలిస్తే ఎల్తాడు, ఓడితే ఇంటికొస్తాడు" అన్నాను.

"అలా కాదోయ్. పైవాళ్ళకి రెండు టికెట్లు దొరికితే, అందులో ఒకటి మీవాడికి దిగుతుంది."

నిజమేనా ఇది? నిజమైతే నాకు నచ్చలేదు. ఇంకొకడు లేచిపోయిన విస్తరి ముందు కూర్చోవడం మన ఇంటా వంటా లేదు. గెలిచి వెళ్ళు. లేదా ఇంటికి రా, మీ అమ్మ పులుసు పెడుతుంది.

ఎండలు ముదిరాయి. కూలరుకి కొత్త గడ్డి వేయించాను. మీ నాన్న శివాజీకి గూడ్సు బండి గార్డుగా కట్నీ వైపు డ్యూటీ పడింది, కర్గీ రోడ్‌లో రెండు గంటలు బండి నిలబెట్టేశారని ఊరంతా వినేలా తిట్టుకుంటూ ఇంటికొచ్చాడు.

కోపం కోపమే, దీవెన దీవెనే. రెండూ పంపిస్తున్నాను.

అప్పలకొండ
రిటైర్డ్ ఫిట్టరు, లోకో షెడ్డు

*

కోజికోడ్
ఏప్రిల్ 18

తాతా,

నమస్తే. నీ ఉత్తరం చదవడానికి ఒక పూట పట్టింది. "విస్తరి" దగ్గర ఆగిపోయి అమ్మకి ఫోన్ చేశా. అమ్మ నవ్వి చెప్పింది, తర్వాత నవ్వలేదు.

కార్నర్ సంగతి నాకూ తెలుసు. రోజూ గుర్తొస్తోంది. ఇంక ఆ మాట ఎత్తకు, ప్లీజ్.

అచ్ఛా, చోట్ల సంగతి చెప్తా విను. ఆసియా క్లబ్బుల పోటీలో ఈసారి మన దేశానికి రెండు చోట్లు ఇచ్చారు. ఒకటి లీగులో మొదట నిలిచిన క్లబ్బుకి. రెండోది కప్పు గెలిచిన క్లబ్బుకి. లీగు వేరు, కప్పు వేరు. లీగంటే సీజనంతా అందరితో అందరూ ఆడేది. కప్పంటే ఒక్కసారి ఓడితే సామాను సర్దుకునేది. మరి ఒకే క్లబ్బు రెండూ గెలిస్తే? ఒక్క క్లబ్బు రెండు చోట్ల ఎలా కూర్చుంటుంది? అప్పుడు కప్పు చోటు లీగులో రెండో స్థానం వాళ్ళకి దిగుతుంది. అంటే మా క్లబ్బు, మలబార్ తారకి. తిరుమలరావు తాతగారు చెప్పింది కరెక్టే.

కప్పు సెమీఫైనల్ మొన్న అయింది. మేము ఓడిపోయాం, ఒకటి సున్నా. ఎవరి చేతిలోనో చెప్పనా? మళ్ళీ గంగాసాగరే. ఫైనల్ ఈ నెల 27, ఆదివారం. గంగాసాగర్‌కీ, కొండగాలి క్లబ్బుకీ. గంగాసాగర్ గెలిస్తే మాకు చోటు వస్తుంది. కొండగాలి గెలిస్తే ఆ చోటు వాళ్ళది, మేము టీవీలో చూడాలి.

అందుకని మా డ్రెస్సింగ్ రూమంతా గంగాసాగర్ గెలవాలని మొక్కుతోంది. మొన్న మమ్మల్ని ఓడించినవాళ్ళు! సిగ్గుగా ఉంది, నవ్వూ వస్తోంది. మా కెప్టెన్ అయితే వాళ్ళ జెర్సీ రంగు చొక్కా కొనుక్కుని దిండు కింద దాచుకున్నాడు.

నువ్వు గుడికి వెళ్తే వాళ్ళ కోసం ఒక కాయ కొట్టు తాతా. కోపం తెచ్చుకోకు.

నీ
మనీష్

*

దయాల్‌బంద్
ఏప్రిల్ 29

మనీష్‌కి,

నా చేత ఎంత పని చేయించావురా!

నీ ఉత్తరం శుక్రవారమే చేరింది. విప్పాను. అచ్చులో పెద్ద అక్షరాలయితే చదువుతాను గానీ నీ రాత కోడి గీరినట్టుంది. మీ అమ్మ బిల్హాలో తన చెల్లెలింటికి వెళ్ళింది, మీ నాన్న డ్యూటీ మీద ఉన్నాడు. తిరుమలరావుని అడగొచ్చు. అడగలేదు. నా మనవడి ఉత్తరం నేను చదవలేకపోయానని ఆయనకెందుకు తెలియాలి? మడిచి జేబులో పెట్టుకున్నాను.

నాకు తోచిన లెక్క ఒకటే. మా పిల్లాణ్ణి రెండుసార్లు ముంచినవాళ్ళు గంగాసాగర్ వాళ్ళు. కాబట్టి ఫైనల్లో వాళ్ళు మట్టి కరవాలి. ఆదివారం పొద్దున్నే అమ్మవారి గుడికి పోయి పదకొండు కాయలు ఇచ్చాను.

"ఎవరి పేరున?" అన్నాడు పూజారి.

"కొండగాలి క్లబ్బు పేరున."

"గోత్రం?"

"ఫుట్‌బాల్ ఆడేవోళ్ళకి గోత్రమేటి? కొట్టు బావూ."

కొట్టాడు. పదకొండూ తెల్లగా పగిలాయి. ఒక్కటీ కుళ్ళలేదు. గెలుపు ఖాయమనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో పెద్ద టీవీ ముందు కుర్చీలు వేయించాను. పాత షెడ్డువాళ్ళు, వాళ్ళ కోడళ్ళు, పిల్లలు, నలభై మంది దాకా చేరారు. "ఈ రోజు మనందరం కొండగాలి వైపు" అని ముందే చెప్పేశాను. ఇరవయ్యో నిమిషంలో కొండగాలి గోలు కొట్టింది. నేను కుర్చీ మీద నుంచి లేచానో ఎగిరానో నాకే తెలియదు. కొబ్బరి ముక్కలూ బెల్లమూ అందరికీ పంచాను. హాలు దద్దరిల్లిపోయింది. తిరుమలరావు ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కుళ్ళుతున్నాడనుకున్నాను.

ఇంటర్వెల్లో మీ అమ్మ బిల్హా లోకల్ దిగి, చేతి సంచీతోనే తిన్నగా హాలుకొచ్చింది. జేబులో ఉత్తరం తీసి చేతిలో పెట్టాను. నిలబడే చదువుకుంది. చదువుతూ చదువుతూ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఓలమ్మో! ఏటి సేసేరు మావయ్యా! మనోడికి గంగాసాగరే గెలవాల!"

నా చేతిలో కొబ్బరి ముక్క అలాగే ఉండిపోయింది.

"నేను అప్పుడే చెప్పానోయ్, గోడ దగ్గర" అన్నాడు తిరుమలరావు. "వింటేగా నువ్వు."

"మరి ఇందాకట్నుంచి నోరు మూసుకున్నావేటి?"

"నీకు అడ్డం చెప్పి ఈ కాలనీలో ఎవడు బతికాడు?"

మాటకి మాట చెప్పే టైము కాదు. లేచి నిలబడి, "అందరూ ఇనండి! ఇందాక కొట్టిన చప్పట్లు వాపసు. ఇప్పుడు మనం గంగాసాగర్" అన్నాను.

వెనక నుంచి ఎవడో, "తాతగారూ, అప్ లైనన్నారు, డౌన్ లైనంటున్నారు, ఏటిది!" అన్నాడు.

"సిగ్నలు మారింది. నోరు మూసుకుని కేకలెయ్!" అన్నాను.

ఎంత నవ్వారో. నా బతుకులో యూనియన్ మారలేదు, పార్టీ మారలేదు, చుట్ట బ్రాండు కూడా మారలేదు. నలభై మంది ముందు ఇంటర్వెల్లో జట్టు మార్చాను, నీ కోసం.

కానీ అమ్మవారి దగ్గర పదకొండు కాయలు కొండగాలి ఖాతాలో పడ్డాయి కదా. మీ అమ్మ, "అమ్మోరికి మన తెలివితక్కువతనం కొత్తేటి మావయ్యా" అని పన్నెండో కాయ పట్టుకుని తనే గుడికి పరుగెత్తింది. ఆమె గుడి మెట్లెక్కిందో లేదో ఇక్కడ గంగాసాగర్ గోలు కొట్టి సమం చేసింది. చివరి ఐదు నిమిషాల్లో ఇంకోటి. రెండు ఒకటి! తిరుమలరావు నన్ను వాటేసుకున్నాడు. ఆ మనిషి ఇంత బలంగా ఉంటాడని నాకు తెలియదు, పక్కటెముక ఇంకా నొప్పిగా ఉంది.

అదీ కథ. మీకు చోటొచ్చింది. కాలనీ అంతా సంబరం.

నా మాట కూడా విను మరి. సంబరపడ్డాను గానీ లోపల ఒక ముల్లు ఉంది. గెలిచింది వాళ్ళు, ఆసియాకి వెళ్ళేది నువ్వు. నేనయితే వెళ్ళను. ఇంకొకడికి ఎక్కువై వదిలితే వచ్చిన చోట్లో నేనెప్పుడూ కూర్చోలేదు. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలవాటు, చెప్పేశాను.

మీ తాత
అప్పలకొండ

*

కోజికోడ్
మే 9

తాతా,

మీ హాలు సంగతి మా వాళ్ళందరికీ హిందీలో చెప్పాను. మా కోచ్‌కి ఇంకొకరు ఇంగ్లీషులో చెప్పారు. పన్నెండో కాయ దగ్గర ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

నీ ఉత్తరం ఆఖరి ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. అదే నాలుగు రోజుల నుంచి బుర్రలో తిరుగుతోంది.

ఇప్పుడు నీకొక ఖబర్. గంగాసాగర్ వాళ్ళు నన్ను పిలిచారు. వాళ్ళ గోల్‌కీపర్ రిటైర్ అవుతున్నాడట. నెలాఖరులోగా సంతకం చేయమంటున్నారు. వాళ్ళది మొదటి చోటు, తిన్నగా గ్రూపులోకి, అంటే అసలు పోటీలోకి వెళ్తుంది. మాది రెండో చోటు కాబట్టి ముందు ఒక క్వాలిఫయింగ్ మ్యాచీ ఆడాలి, ఒక్కటే మ్యాచీ. ఓడితే అక్కడికక్కడే ఖతం, ఆసియా అనే మాట కూడా అనకూడదు. మాకు ఈ మ్యాచీ ఎందుకంటే, ఆసియా దేశాల పట్టికలో మన దేశం కింద ఉంది. పైనున్న దేశాల రెండో క్లబ్బు కూడా తిన్నగా వెళ్తుంది, మనది తలుపు తట్టి వెళ్ళాలి.

మలబార్ తార నన్ను పద్దెనిమిదేళ్ళప్పుడు తీసుకుంది. వదలాలంటే కష్టంగానే ఉంది. కానీ నువ్వు చెప్పింది ఆలోచించాను. నువ్వు నిజంగా అలాగే బతికావు కదా. రైలింజన్లో ఫైర్‌మన్ ఉద్యోగానికి వెళ్తే కళ్ళ పరీక్షలో తప్పించారని నాన్న ఎప్పుడూ చెప్తాడు. డ్రైవరు కాలేకపోయినా ఎవరి దయా తీసుకోలేదు, తలెత్తుకుని ఫిట్టరుగానే రిటైర్ అయ్యావు. నేనూ అలాగే ఉండాలనుకుంటున్నా. మిగిలిపోయిన చోట్లో కూర్చోవడం కన్నా, మొదటి చోటు ఉన్న క్లబ్బులోకే వెళ్ళిపోతా. నీకు సంతోషమే కదా?

31న సంతకం.

మనీష్

*

దయాల్‌బంద్
మే 15

మనీష్,

సంతకం పెట్టకు. ముందు ఇది పూర్తిగా చదువు. అర్థం కాని మాట ఉంటే మీ అమ్మకి ఫోన్ చెయ్యి, ఆమెకి నిన్న అంతా చెప్పాను. ఫోన్లోనే చెప్పేయండి మావయ్యా అంది. ఇది అరిచి చెప్పే మాట కాదు.

నా కళ్ళకి ఏ రోగమూ లేదు. డెబ్బై ఏడేళ్ళొచ్చాయి, ఇప్పటికీ మన మేడ మీద నుంచి అవుటర్ సిగ్నల్ రంగు చెబుతాను. కళ్ళ పరీక్షలో పోయానన్నది అబద్ధం. మీ నానమ్మకి చెప్పాను, మీ నాన్నకి చెప్పాను. చెప్పి చెప్పి నేనే నమ్మేశాను.

జరిగింది ఇది. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో షెడ్డులో సెకండ్ ఫైర్‌మన్ పోస్టు ఒకటి పడింది. ఇంజన్లో బొగ్గు వేసే పని. అది చిన్న పని కాదు, డ్రైవరు కుర్చీకి అది మొదటి మెట్టు. పరీక్ష రాశాం, పని చేసి చూపించాం. లిస్టులో మొదట చంద్రమౌళి. రెండోది నేను. మూడోది నాగభూషణం. చంద్రమౌళి అదే నెలలో గార్డు పరీక్ష కూడా పాసయ్యాడు. ఒక మనిషి రెండు ఉద్యోగాలు చెయ్యలేడు కదా, గార్డుగా వెళ్ళిపోయాడు. ఫైర్‌మన్ చోటు ఖాళీ అయ్యి నాకు దిగింది. ఫోర్‌మన్ సాబ్ పిలిచి కాగితం ముందు పెట్టాడు. "అప్పల్, సంతకం చెయ్యి" అన్నాడు.

బయట ఖలాసీలు నిలబడి ఉన్నారు. అందులో ఒకడు, "ఏటిరా అప్పలకొండా, చంద్రమౌళి ఎంగిలి తింటన్నావా" అని నవ్వాడు. ఉత్తి వేళాకోళం. వాడి పేరు కూడా ఇప్పుడు గుర్తు లేదు. నేను కలం కింద పెట్టేసి, నాకొద్దని చెప్పేశాను, "నహీ చాహియే సాబ్" అని. ఫోర్‌మన్ మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే అన్నాను. మర్నాడు నాగభూషణం సంతకం పెట్టాడు. మెయిలు బండి డ్రైవరుగా రిటైర్ అయ్యాడు. అతని బండి ప్లాట్‌ఫారం మీదకొస్తుంటే నేను కింద సుత్తి పట్టుకుని చక్రాలు కొట్టి చూసేవాణ్ణి. పైకి తలెత్తేవాణ్ణి కాదు. అతనూ కిందకి చూసేవాడు కాదు. ఒకే కాలనీలో నలభై ఏడేళ్ళు, మాట లేదు.

నువ్వు దాన్ని తలెత్తుకుని బతకడం అనుకున్నావు. నేనే అలా అనుకునేలా చేశాను.

నిన్న ఇదంతా మీ అమ్మకి చెప్తుంటే తిరుమలరావు గోడవతల నుంచి వినేశాడు. ఆయనకి ముక్కు ఎక్కడుంటుందో చెవీ అక్కడే. తిట్టబోయాను. ఆయన ఎప్పుడూ లేనిది మెల్లగా మాట్లాడాడు.

"అప్పలకొండా, ముప్పై ఏళ్ళు నేను బెర్తులు ఇచ్చాను. రాయగఢ్‌లో ఎక్కాల్సినవాడు ఒకడు రాడు. ఆ బెర్తు లిస్టులో తర్వాతి వాడికి రాసిచ్చేవాణ్ణి. వాడు ఒక్కడైనా ‘ఇది ఇంకొకడిది, నాకొద్దు’ అన్నాడా? నేను దయ తలచి ఇచ్చానా? లిస్టులో వాడి పేరుంది, నేను ఇచ్చాను. పేరు లేనివాడు కాళ్ళు పట్టుకున్నా ఇవ్వలేదు."

"మరి అది ముందు ఇంకొకడిదే కదా" అన్నాను.

"ఇంకొకడిది ఏమిటయ్యా! బెర్తు రైలుది."

రాత్రంతా ఆ మాట నమిలాను. లీగులో రెండో స్థానం ఎవడో ఇచ్చింది కాదు. సీజనంతా ఎండలో వానలో దొర్లి నువ్వు తెచ్చుకున్నది. పైవాడు రెండు గెలిస్తే కింద వాడికి దిగాలన్నది ముందే రాసిపెట్టిన రూలు. లిస్టులో రెండో పేరు ఉండబట్టే దిగింది. లేకపోతే మూడో వాడికి దిగేది.

ఒక్క మ్యాచీ ఆడి లోపలికి వెళ్ళాలా? ఆడు. తలుపు తట్టడం తప్పు కాదు. తెరిచిన తలుపు ముందు నుంచి వెనక్కి తిరిగి పోవడం తప్పు. అది నేను చేశాను, దానికి పౌరుషం అని పేరు పెట్టుకున్నాను.

గంగాసాగర్ మంచి క్లబ్బే, వాళ్ళ కోసం పన్నెండో కాయ కొట్టించినవాణ్ణి నేను. వాళ్ళ దగ్గరకి వెళ్ళాలని నీకుంటే వెళ్ళు, అది నీ ఇష్టం. నా మాట మీద మాత్రం వెళ్ళకు. నా మాట తప్పు.

ఈ ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

అప్పలకొండ

*

కోజికోడ్
మే 24

తాతా,

సంతకం పెట్టలేదు. ఇక్కడే ఉంటున్నా.

ఉత్తరం నేనే చదువుకున్నా, మొత్తం. అమ్మకి ఫోన్ చెయ్యలేదు. ఇంక ఏం రాయాలో తెలుగులో రావట్లేదు. హిందీలోనూ రావట్లేదు.

క్లబ్బు లైసెన్సు కాగితాలు కూడా వచ్చాయి. మైదానం, డాక్టరు, కుర్రాళ్ళ జట్టు అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలితేనే ఆసియాకి పంపుతారు. ఎన్ని గెలిచినా ఆ కాగితం లేకపోతే చోటు తర్వాతి క్లబ్బుకి పోతుంది. నీ భాషలో చెప్పాలంటే, ఫిట్ సర్టిఫికెట్ లేని ఇంజన్ షెడ్డు దాటదు.

మ్యాచీ ఆగస్టు 13, మా మైదానంలోనే. తజికిస్తాన్ నుంచి వస్తున్నారు.

నీ మనీష్

*

దయాల్‌బంద్
జూలై 6

మనీష్,

వానలు పడ్డాయి. మీ నాన్నకి ఒంట్లో బాగుంది, నోరు మాత్రం తగ్గలేదు.

ఒక్క ప్రశ్నకి జవాబు రాయి. దేశాల పట్టిక అన్నావు, పైన కింద అన్నావు. ఆ పట్టిక ఎవరు వేస్తారు? దేనిని బట్టి? తిరుమలరావుకి కూడా తెలియదట. ఆయనకి తెలియనిది ఉందని తెలిసి నాకు రెండు రోజులు అన్నం బాగా సహించింది.

బంతి మీదే కన్ను పెట్టు. కింద పడితే పడు, లేవడం మరిచిపోకు.

తాత

*

కోజికోడ్
ఆగస్టు 14

తాతా, గెలిచాం! గెలిచాం! గెలిచాం!

నువ్వు చూసే ఉంటావు, అయినా రాస్తా. తొంభై నిమిషాలకి ఒకటి ఒకటి. ఇంకో అరగంట ఆడించారు, అలాగే ఉంది. ఆఖరికి పెనాల్టీలు. మొదటిది నా వేళ్ళకి తగిలి కూడా లోపలికి పోయింది. మూడోది ఆపాను. ఐదోది కొట్టడానికి వాళ్ళ కెప్టెన్ వచ్చాడు, ఆరడుగుల మూడంగుళాలు. నా వైపే చూస్తూ నడిచొచ్చాడు. నేను కుడి వైపు దూకుతానని వాడికి తెలుసు, ఎందుకంటే నాలుగుసార్లూ అటే దూకాను. అందుకని అసలు దూకలేదు. మధ్యలో నిలబడ్డా. తిన్నగా నా ఛాతీ మీదకే కొట్టాడు. ఇప్పటికీ మంటగా ఉంది. కడిగినా బంతి గుర్తు పోవట్లేదు. పోకపోతే బాగుండు.

ఇక నీ ప్రశ్న. మన క్లబ్బులు ఆసియాలో ఆడిన ప్రతి మ్యాచీకి గెలిస్తే ఇంత, డ్రా అయితే ఇంత అని పాయింట్లు ఇస్తారు. అవి క్లబ్బుతో ఆగవు, దేశం ఖాతాలో కూడా పడతాయి. కొన్నేళ్ళవి కలిపి దేశాలకి వరస వేస్తారు. ఆ వరసను బట్టే ఏ దేశానికి ఎన్ని చోట్లు, అందులో ఏది తిన్నగా, ఏది తలుపు తట్టి అన్నది. అంటే ఈ ఏడు మాకు వచ్చిన రెండో చోటు, వెనకటి ఏళ్ళలో వేరే క్లబ్బుల వాళ్ళు ఆడి తెచ్చిన పాయింట్ల వల్ల. గంగాసాగర్‌వీ ఉన్నాయి అందులో. నేను చూసి కూడా ఎరగని ప్లేయర్లవి ఉన్నాయి.

ఇప్పుడు మేము ఆడేవి తర్వాతి వాళ్ళకి.

హాల్లో ఏమయిందో రాయి. అమ్మ వీడియో పంపింది గానీ అందులో అంతా కేకలే, కెమెరా పైకప్పునే చూపిస్తోంది.

మనీష్

*

దయాల్‌బంద్, బిలాస్‌పూర్
ఆగస్టు 21

నా బంగారు మనీష్‌కి,

కెమెరా పైకప్పుని చూపించిందంటే, అప్పుడు దాన్ని పట్టుకున్నది నేనే.

హాలు చాలలేదు. నలభై కుర్చీలకి రెండు వందల మంది. కిటికీలు తీసి బయట నిలబెట్టాం. ఛత్తీస్‌గఢీ వాళ్ళు, బెంగాలీలు, మనవాళ్ళు, ఎవరు ఎవరి కాలు తొక్కారో లెక్క లేదు. ఈసారి ఎటు వైపు కేకలెయ్యాలో తిరుమలరావు బోర్డు మీద సుద్దతో రాసిపెట్టాడు: "మలబార్ తార వైపు. మార్పు లేదు." నా కోసమే రాశాడు.

పెనాల్టీలు మొదలయ్యేసరికి నాగభూషణం వచ్చాడు. కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అతను లోపలికి రాగానే మనవాళ్ళందరూ నా మొహం చూశారు. అందరికీ తెలుసు కదా మాకు మాటల్లేవని. ఎందుకో తెలియదు, అంతే. మీ అమ్మ తన కుర్చీ ఖాళీ చేసింది. అది నా పక్క కుర్చీ. అతను కూర్చోలేదు.

"కూకో" అన్నాను.

కూర్చున్నాడు. వాళ్ళ కెప్టెన్ బంతి పెట్టాడు. నాగభూషణం నా చెయ్యి పట్టుకున్నాడు. నేనే అతని చెయ్యి పట్టుకున్నానేమో, సరిగా చెప్పలేను. నువ్వు కదల్లేదు. బంతి నీ ఛాతీకి తగిలి కింద పడింది.

ఆ తర్వాత ఏమయిందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. కుర్చీలు విరిగాయి. మీ నాన్న డ్యూటీ నుంచి యూనిఫారంతోనే వచ్చి గార్డు ఈలని ఆపకుండా ఊదాడు. ఎక్కడి నుంచో రెండు మాందర్ డోళ్ళు వచ్చాయి, వాటిని వాయిస్తూ ఊరేగింపుగా స్టేషన్ రోడ్డు దాకా వెళ్ళాం. పోలీసు ఆపి "ఎవరి పెళ్ళి బరాత్?" అని అడిగాడు. "మా మనవడు ఆసియాకి ఎల్తన్నాడు!" అన్నాను. వాడూ నాలుగడుగులు ఆడి మరీ వదిలాడు.

నాగభూషణం కర్రతో అంత దూరం నడవలేడు. అతని కోసం నేనూ వెనక పడ్డాను. ఇద్దరం పోస్టాఫీసు అరుగు మీద కూర్చున్నాం.

"అప్పలకొండా, నీ సోటు నేను తినేసినానని నలభై ఏడేళ్ళూ నీ మొకం సూడలేదురా. బండి తోలుతున్నంత కాలం ఎనక్కి తిరిగి సూస్తే నువ్వు ఉంటావేమోనని బయం" అన్నాడు.

"నా సోటేటిరా! నేనొద్దన్నాను, లిస్టులో నీ పేరుంది, నీకొచ్చింది. నువ్వు బొగ్గెయ్యకపోతే ఆ బండి ఎలా నడిచేది? బాగా తోలేవా లేదా?"

"ఒక్క రోజు లేటు సెయ్యలేదు."

"మరింకేటి" అన్నాను.

చెప్పడానికి అంతే ఉంది. ఇన్నేళ్ళు పట్టింది దానికి. అతను మాత్రం నవ్వుతూ కూర్చున్నాడు, చిన్నప్పుడు ఎలా నవ్వేవాడో అలాగే. తిరిగి వచ్చేటప్పుడు మా ఇద్దర్నీ రిక్షా ఎక్కించి, రిక్షా ముందు మీ నాన్న ఈల ఊదుకుంటూ నడిచాడు.

ఇప్పుడు నీ పట్టిక సంగతి. నీ ఉత్తరం నేనే చదివాను, మూడు పూటలు పట్టింది. కోడి గీతలు కాస్త బాగుపడ్డాయి. అంటే మీకు వచ్చిన చోటు గంగాసాగర్ వదిలింది కాదు, మీ క్లబ్బు ఒక్కటే తెచ్చుకున్నదీ కాదు. ఏ దేశంలోనో ఎవరూ చూడని మైదానంలో ఎవడో ఒక డ్రా చేసుకుని వచ్చాడు. వాడి పేరు నీకు తెలియదు, నాకు తెలియదు. ఆ డ్రా ఇవాళ నీకు చోటయింది. పొద్దున్న మేడెక్కి వాడికో దండం పెట్టాను. ఎటు తిరిగి పెట్టాలో తెలియక నాలుగు వైపులా పెట్టాను.

ఇంక గ్రూపులో ఆడతారు. గెలవండి. గెలిచినవన్నీ దేశం ఖాతాలో వేయండి. రేపు మన దేశం పట్టికలో పైకెక్కి, రెండో చోటు కూడా తలుపు తట్టకుండా తిన్నగా వెళ్ళే రోజు వస్తుంది. ఆ ఏడు మీ క్లబ్బు ఐదో స్థానంలో ఉండొచ్చు. ఆ చోటు కొండగాలికి పోవచ్చు, ఇంకా పుట్టని క్లబ్బుకి పోవచ్చు. ఎవడో కుర్రాడు, నిన్ను ఎప్పుడూ చూడనివాడు, దర్జాగా వెళ్ళి అందులో కూర్చుంటాడు. ఇది నేను తెచ్చిన చోటురా అని వాడికి చెప్పకు. వాడిదే అనుకోనీ.

వాడిదే మరి.

కాలర్ ఎగరేసుకుని తిరుగుతున్న
మీ తాత అప్పలకొండ